ఇద్దరికీ ఒకే రజాయి

ఫోల్కర్ ష్టైన్‌లే జన్మలో ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఏతేరికి ఈ కష్టాలేవీ వచ్చేవి కావు. నలభై ఆరేళ్ళ మనిషి, నిక్షేపంలాంటి ఉద్యోగం, తలనిండా జుట్టు. ఒక్క అబద్ధం ఆడడానికి ఏం తక్కువైందో ఆ దేవుడికే తెలియాలి. ట్రామ్‌లో టికెట్ల యంత్రం పాడైతే జనమంతా సంతోషంగా ఊరికే ప్రయాణం చేస్తారు. ఈయన మాత్రం దిగి, వర్షంలో నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికొస్తాడు. అలాంటివాణ్ణి ఏరికోరి చేసుకుంది కాబట్టి ఏతేరి ఎవరినీ అనడానికి లేదు.

ఆమెది జార్జియా దేశం, కుతాయిసి ఊరు. అక్కడ ఆమె ఉండే భవనంలో ఒక ముసలి లిఫ్టు ఉండేది. సెలవులకని వచ్చిన ఈ జర్మనీ మనిషి ఆ లిఫ్టు ఎక్కనని మొండికేసి, దాని జబ్బులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి తలుపుకి అంటించాడు. లిఫ్టులు తనిఖీ చేయడం అతని వృత్తి. సెలవుల్లోనైనా మానుకోవచ్చుగా అని ఏతేరి నవ్వింది. నవ్వినందుకు శిక్షగా ఏడాది తిరక్కుండానే పెళ్ళి చేసుకుని, జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చిపడింది. ఇప్పుడు ఒక పళ్ళ ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తుంది. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళ నవ్వులు ఆమె చేతి చలవే.

భార్యగా ఆమెకిచ్చిన నివాస అనుమతి నవంబర్ ముప్పయ్యో తేదీతో ముగుస్తుంది. మూడేళ్ళు కాపురం సజావుగా చేసినట్టు రుజువైతే, ఈసారి శాశ్వత అనుమతి ఇస్తారు. రుజువు కాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఏతేరి ఆ పెట్టె వైపు చూడడమే మానేసింది. కుతాయిసిలో ఆమె పళ్ళు చేసిన బల్ల ముందు ఇప్పుడు ఇంకెవరో కూర్చున్నారు, అది చిన్న సంగతి. అసలు సంగతి ఏమిటంటే, ఈ టికెట్ల మనిషి లేకుండా బతకడం ఆమె ఊహకే అందలేదు. ఆ ముక్క అతనికి చెప్పిన పాపాన పోలేదు. చెబితే ఏ ఫైల్లో పెడతాడోనని భయం.

ఫోల్కర్ జనవరిలోనే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాడు. జూన్‌లో దరఖాస్తు పంపాడు. అక్టోబర్ తొమ్మిదిన రమ్మని విదేశీయుల కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రోజు అతను బూడిదరంగు ఫైలొకటి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. అందులో జీతం కాగితాలు, పింఛను కాగితాలు, ఏతేరి జర్మన్ భాష పరీక్ష ప్యాసైన కాగితం, ఇంటి అద్దె ఒప్పందం, వేటికవి రంగురంగుల అట్టల మధ్య విడివిడిగా ఉన్నాయి. పెళ్ళి ఫోటో మాత్రం లేదు. అది ఎవరూ అడగలేదట.

కార్యాలయంలో వాళ్ళ పని చూసే అధికారిణి బుర్క్‌హార్ట్ గారు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతూ ఉంటుంది. ఫైలు తిరగేసి చాలా సంతోషపడింది. జన్మకో శివరాత్రి అన్నట్టు అలాంటి ఫైలు చూడడం ఎప్పుడో గానీ జరగదు పాపం. అన్నీ సరిగ్గా ఉన్నాయంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఏదో చూసి కళ్ళజోడు పెట్టుకుంది. ఫోల్కర్ గారికి మాన్‌హైమ్ నగరంలో ఇంకో నివాసం ఉన్నట్టు కనిపిస్తోందే అంది.

ఉంది. సోమవారం పొద్దున వెళ్ళి బుధవారం సాయంత్రం దాకా అతను అక్కడి లిఫ్టులు చూసుకుంటాడు. రెండు రాత్రుల కోసం ఒక చిన్న గది తీసుకున్నాడు. అతని కంపెనీలో అలాంటి గదులున్నవాళ్ళు పధ్నాలుగు మంది. పదమూడు మంది ఆ సంగతి ఏ కార్యాలయానికీ చెప్పలేదు, చల్లగా ఉన్నారు. పధ్నాలుగో మనిషి ఫోల్కర్. గది తాళాలు చేతికొచ్చిన మూడో రోజే వెళ్ళి, ఇదిగో నాకు ఇక్కడ కూడా ఒక నివాసం ఉంది, రాసుకోండి అని వరసలో నిలబడి మరీ నమోదు చేయించుకున్నాడు. ఇప్పుడు ప్రభుత్వ రికార్డు చూస్తే మొగుడు ఒక ఊళ్ళో, పెళ్ళాం ఒక ఊళ్ళో. తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకోవడమంటే ఇదే.

బుర్క్‌హార్ట్ గారు ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించాల్సి వస్తుందని చెప్పింది. ముందు ఏతేరి వెళ్ళింది. భర్త పొద్దున ఏం తింటాడు, ఏ పక్కన పడుకుంటాడు, అతని బ్రష్ ఏ రంగు అని అడిగారు. ఏతేరి అడిగినవీ చెప్పింది, అడగనివీ చెప్పింది. బ్రష్ నీలం అనీ, దాని గ్లాసుకి పేరు రాసిన చీటీ కూడా అంటించుకుంటాడనీ, కుడిభుజం వెనక శనగగింజంత పుట్టుమచ్చ ఉందనీ చెప్పింది. పుట్టుమచ్చ దగ్గర బుర్క్‌హార్ట్ గారు ఇక చాలంది.

తర్వాత ఫోల్కర్ వెళ్ళాడు. ఇరవై నిమిషాల తర్వాత చెవులు ఎర్రబడి బయటికొచ్చాడు. ఏమడిగారని ఏతేరి ఆత్రంగా లేచింది. లోపల మాట్లాడింది లోపలే ఉండాలి, నిన్నేం అడిగారో నేను అడిగానా అన్నాడు. బస్‌స్టాప్ దాకా బతిమాలితే ఒక్కటి బయటపెట్టాడు.

"నీ బ్రష్ ఏ రంగని అడిగారు. చెప్పనన్నాను."

"చెప్పనన్నావా, తెలీదన్నావా?"

"చెప్పనన్నాను. అది వ్యక్తిగత సమాచారం."

ఏతేరి బస్‌స్టాప్ బల్ల మీద కూలబడింది. మూడేళ్ళుగా ఒకే అద్దం ముందు పళ్ళు తోముకుంటున్నారు. రెండు గ్లాసుల మధ్య జానెడు దూరం లేదు. ఈ మనిషికి తన బ్రష్ రంగు తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ, దానికి మళ్ళీ వ్యక్తిగతమని ఒక పేరు. భయం ఒకవైపు, అవమానం ఒకవైపు. ఇంటికెళ్ళేదాకా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

బుర్క్‌హార్ట్ గారు కార్యాలయం నుంచి వాళ్ళని పంపించేటప్పుడే ఒక మాట చెప్పింది. ఏదో ఒక రోజు చెప్పకుండా ఇంటికొచ్చి చూస్తామనీ, ఆ తర్వాతే నిర్ణయమనీ. ఫోల్కర్ అది విని తృప్తిగా తలూపాడు. తనిఖీ అంటే చెప్పకుండానే రావాలి, లిఫ్టులకైనా అంతే అన్నాడు. ఏతేరికి అతన్ని ఆ లిఫ్టులోనే పెట్టి తలుపు మూసేయాలనిపించింది.

గోరుచుట్టు మీద రోకలిపోటులా, సలహా చెప్పడానికి రోజాంజెలా ఉండనే ఉంది. రోజాంజెలా ల్యాబులో పక్క బల్ల మీద పనిచేస్తుంది. బ్రెజిల్ నుంచి వచ్చి, ఇక్కడి వడ్రంగిని చేసుకుని, ఎనిమిదేళ్ళ కిందటే శాశ్వత అనుమతి సంపాదించుకున్న అనుభవజ్ఞురాలు. ఈ విషయంలో తనకి తెలియంది లేదని ఆమె నమ్మకం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒక సాయంత్రం ఇల్లు చూద్దామని ఏతేరితో వచ్చి, పడకగది గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ గదిలో ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉండేలాంటి మంచమే ఉంది. ఒకే మంచం, రెండు పరుపులు, మధ్యలో వేలు దూరే సందు, రెండు రజాయిలు. ఫోల్కర్‌ది పలచగా, ఏతేరిది మందంగా, రెండూ నడిమికి మడిచి చెరోవైపు సరిహద్దు రాళ్ళలా పెట్టి ఉన్నాయి. వచ్చిన కొత్తలో ఏతేరికీ ఇది వింతగానే ఉండేది. పెళ్ళయిందా, ఆసుపత్రిలో చేరామా అని అనుమానం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది. పైగా ఒక వింత జరిగింది. చిన్నప్పటి నుంచీ చలికాలమంతా మంచుముద్దల్లా ఉండే ఆమె కాళ్ళు ఇక్కడికొచ్చాక రాత్రిళ్ళు వెచ్చబడ్డాయి. ఈ దేశం నీళ్ళు పడ్డాయనుకుంది.

"ఏమే, ఇది కాపురమా, హాస్టలా?" అంది రోజాంజెలా. "ఆవిడొచ్చి ఈ మంచం చూసిందంటే నీ పెట్టె తనే సర్దిపెడుతుంది. మొగుడూ పెళ్ళాలన్నాక ఒక రజాయి కప్పుకోరటే?"

ఏతేరి మనసులో భయానికి ఆ మాట సరిగ్గా అతుక్కుంది. బ్రష్ రంగు చెప్పలేని మొగుడు, పైగా వేరు రజాయిలు. ఇంకేం కావాలి ఎవరికైనా. మరి మీ ఇంటికొచ్చినప్పుడు ఏం చేశావని అడిగింది. మంచం చూసి మురిసిపోయి వెళ్ళారంది రోజాంజెలా. తీరా తర్వాత ఆరా తీస్తే ఆమె ఇంటికి అసలు ఎవరూ రాలేదు. మంచం, మురవడం అంతా టీవీ సీరియల్లోది.

మర్నాడే ఇద్దరూ వెళ్ళి రెండు మీటర్ల నలభై వెడల్పున్న జంట రజాయి ఒకటి తెచ్చారు. అలాంటివి ఈ ఊళ్ళో ఎవరూ కొనరు కాబట్టి కొట్లో ఒకటే ఉంది, దాని గలీబు మీద గులాబీరంగు కొంగలున్నాయి. మూతులు కలిపి నిలబడ్డ కొంగలు, దాదాపు ముప్పై జంటలు. రోజాంజెలా ప్రేమగా మంచమంతా పరిచి, మధ్యలో హృదయాకారంలో ఉన్న దిండొకటి నిలబెట్టింది. ఏతేరి పాత రజాయిలు రెండూ గలీబులతో సహా ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, భవనం అడుగున నేలమాళిగలో వాళ్ళ సామాన్ల అరలో దాచేసింది.

ఇక ఫోల్కర్‌కి ఏం చెప్పాలి? నిజం చెబితే అధికారులను మోసం చేయడమంటాడు. అతనే స్వయంగా వెళ్ళి ఫిర్యాదు చేసినా చేస్తాడు. అదృష్టవశాత్తూ వంటింటి క్యాలెండర్‌లో నవంబర్ మొదటి వారం దగ్గర అతని చేతిరాతతోనే ఉంది, రజాయిలు ఉతకడానికి ఇవ్వాలి అని. ఏతేరి దాని పక్కన ఒక టిక్కు పెట్టింది. బుధవారం సాయంత్రం మాన్‌హైమ్ నుంచి వచ్చి ఆ టిక్కు చూసి అతని ముఖం ఎంత వెలిగిందో చెప్పలేం. పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు. చెప్పకుండానే చేశావా అన్నాడు. ఏతేరికి ఒక్క క్షణం తప్పు చేస్తున్నట్టనిపించింది. ఆ క్షణం దాటాక కొంగల రజాయి తాత్కాలికమని, రోజాంజెలా అరువిచ్చిందని ఇంకో రెండు అబద్ధాలు చేర్చింది. ఇంట్లో ఇద్దరి తరఫునా ఆమె ఒక్కతే ఆడాలి మరి.

ఆ వారం రోజుల కాపురం పగవాళ్ళకి కూడా వద్దు. కొంగలు చూడ్డానికి ప్రేమగా ఉన్నాయి గానీ లోపల ఉన్నది ఉత్త ప్లాస్టిక్ దూది. ఫోల్కర్ నిద్రలో తన వైపుకి దొర్లితే కొంగలన్నీ అతనితో వెళ్ళిపోయేవి. ఏతేరి లాక్కుంటే అతని వీపు బయటపడేది. మూడో రాత్రికి అతను కోటు వేసుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని పడుకున్నాడు. ఏతేరి రెండు జతల మేజోళ్ళు తొడిగినా కాళ్ళు చచ్చుబడేవి. ఇద్దరికీ జలుబు చేసింది. ఇక తెల్లారి ఆరింటికి లేచి, గాలి మారాలని ఫోల్కర్ కిటికీలన్నీ పది నిమిషాలు బార్లా తెరిచే కార్యక్రమం ఎలాగూ ఉంది. అది ఈ దేశంలో సంధ్యావందనం లాంటిది, ఎవరు చచ్చినా ఆగదు.

నవంబర్ పదమూడు, గురువారం పొద్దున ఏడుంపావుకి గంట మోగింది. గుమ్మంలో బుర్క్‌హార్ట్ గారు, చేతిలో ఒక అట్టా, దానికి కాగితాలూ. ఫోల్కర్ టోపీ ఇంకా తియ్యలేదు. తలుపు తీసి, సమయానికి వచ్చారన్నాడు, ఆవిడేదో సమయం చెప్పి వచ్చినట్టు.

ఆవిడ బూట్లు విప్పి లోపలికొచ్చింది. వంటిల్లు చూసింది, స్నానాలగది చూసింది, రెండు గ్లాసులూ రెండు బ్రష్‌లూ చూసి ఏదో రాసుకుంది.  పడకగది తలుపు ఏతేరి తానే తీసి, చూడండి అన్నట్టు పక్కకి జరిగింది. ముప్పై జంటల కొంగలు బుర్క్‌హార్ట్ గారిని చూశాయి. ఆవిడ కొంగలను చూసింది. మురిసిపోలేదు. కళ్ళజోడు పెట్టుకుని తన కాగితాల్లో వెనక్కి తిరగేసింది.

"మీవారు ఆ రోజు రెండు రజాయిలని చెప్పారు. ఒకటి పలచన, ఒకటి మందం. కొలతలతో సహా చెప్పారు."

ఏతేరి మొగుడి వైపు తిరిగింది. బ్రష్ సంగతి దాచిన మహానుభావుడు రజాయిల సంగతి కొలతలతో చెప్పాడన్నమాట. చెప్పినవాడు ఆ ముక్క ఇంటికొచ్చాక తనతో అని ఉంటే ఈ కొంగలెక్కడివి, ఈ జలుబెక్కడిది.

బుర్క్‌హార్ట్ గారు గొంతు పెంచలేదు. "నాకు పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఉద్యోగంలో చాలా పడకగదులు చూశాను. ఈ ఊళ్ళో ఒకే రజాయి కప్పుకునేవాళ్ళు రెండు రకాలమ్మా. నెల కిందట ప్రేమలో పడ్డవాళ్ళు, మేం వస్తామని తెలిసి పక్క సర్దినవాళ్ళు. మీకు పెళ్ళయి మూడేళ్ళు దాటింది."

ఫోల్కర్ మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. రజాయిలు ఉతకడానికి వెళ్ళాయనీ, ఇది తాత్కాలికమనీ చెప్పాడు. రసీదు ఉందా అని ఆవిడ అడిగింది. రసీదు లేకుండా ఎలా ఉంటుంది అన్నట్టు చూసి, భార్య వైపు చెయ్యి చాపాడు.

"ఏతేరీ, రసీదు ఇవ్వు."

ఆ చాచిన చేతిని చూస్తే ఏతేరికి ఏడుపొచ్చింది. ఆ చేతికి ఏ అనుమానమూ లేదు. ఆమె టిక్కు పెట్టింది కాబట్టి రజాయిలు వెళ్ళాయి, వెళ్ళాయి కాబట్టి రసీదు ఉంది. ఇప్పుడు నిజం చెబితే అధికారిణిని మోసం చేయబోయినట్టు. చెప్పకపోతే మొగుడు ఆ కొట్టుకి ఫోన్ చేసి తన రజాయిలేవని నిలదీస్తాడు. మింగలేక కక్కలేక చివరికి కక్కేసింది.

"రసీదు లేదు. అవి కిందున్నాయి, మన సామాన్ల అరలో. నేనే దాచాను."

బుర్క్‌హార్ట్ గారు కలం మూత తీసింది. ఫోల్కర్ ఆవిణ్ణి చూడనే లేదు.

"నేలమాళిగలోనా? ఆ చెమ్మలోనా?"

"సంచుల్లో పెట్టాను."

"ప్లాస్టిక్ సంచుల్లోనా?" అన్నాడు ఫోల్కర్. ఎవరినైనా చంపి పెట్టావా అని అడిగినట్టుగా, చాలా మెల్లగా అన్నాడు.

ఆ తర్వాత జరిగింది జరిగినట్టు రాస్తే కాగితం కాలిపోతుంది. రజాయిల్లో నింపిన బాతు ఈకలకి గాలాడకపోతే పదిరోజుల్లో బూజు పడుతుందని అతను. బూజు పట్టాల్సింది నీ బుర్రకి, రోజూ అన్ని కిటికీలు తెరిచినా అందులోకి మాత్రం గాలి దూరదని ఆమె. హీటర్ అయిదు మీద పెట్టి, పై కిటికీ ఓరగా తెరిచి, మూడేళ్ళుగా వీధివీధంతా వెచ్చబెడుతున్నావని అతను. మూడేళ్ళుగా నన్ను బతికుండగానే ఫ్రిజ్‌లో పెట్టావని ఆమె. చీజు కోసిన కత్తితో వెన్న తీస్తావని అతను. మా దేశపు హచాపురి రొట్టె చేస్తే తూకం వేసి తింటావు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మాన్‌హైమ్‌లో ఉన్నట్టు మొహం పెడతావని ఆమె. నువ్వు మా అమ్మకి నేర్పిన జార్జియా తిట్టు నాకు తెలియదనుకోకని అతను. ఇద్దరికీ జలుబు కాబట్టి మధ్యమధ్య తుమ్ములు. ఒకసారి ఏతేరి తుమ్మితే ఫోల్కర్ మాట ఆపకుండానే జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు, ఆమె తిట్టు ఆపకుండానే ముక్కు తుడుచుకుంది.

"బ్రష్ రంగు తెలీని మనిషివి," అంది ఏతేరి ఆఖరికి. "నీకు నా గురించి ఏం తెలుసని? ఆ ఈకలకున్న విలువ నాకు లేదు. నన్ను పంపించేస్తే అప్పుడు తీరిగ్గా వాటిని ఆరబెట్టుకో."

బుర్క్‌హార్ట్ గారు ఇంతసేపూ కొంగల అంచున కూర్చుని వింటోంది. లేచి, కిందికి వెళ్ళి చూద్దాం పదండి అంది.

నేలమాళిగలో కర్ర పట్టీల తలుపున్న అరలు వరసగా ఉన్నాయి. వాళ్ళ అరలో బంగాళాదుంపల బుట్టా, ఆపిల్ రసం సీసాలూ, వాటి వెనక రెండు నల్ల సంచులూ. ఫోల్కర్ ముందు ఏతేరి రజాయినే తీశాడు. వాసన చూశాడు, గలీబు విప్పి మూలమూలా వేళ్ళతో తడిమి చెమ్మ చూశాడు. లోపల ఒక మూల తెల్లటి గుడ్డ చీటీ కుట్టి ఉంది, దానిమీద చెరగని సిరాతో చిన్న అక్షరాలు. ఏతేరి ఆ చీటీ ఎప్పుడూ చూడలేదు. గలీబులు మార్చడం ఫోల్కర్ పని. ఆమెకి మూలలు సరిగ్గా పెట్టడం రాదని మొదటి వారంలోనే ఆ పని లాగేసుకున్నాడు.

బుర్క్‌హార్ట్ గారు వంగి, దీపం కిందికి లాగి, పైకి చదివింది.

"ఏతేరి. మందం రకం. కాళ్ళవైపు అదనంగా నూట యాభై గ్రాముల ఈకలు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా కాళ్ళు చల్లబడతాయి."

కింద తేదీ కూడా ఉంది. ఆమె ఈ దేశం వచ్చిన మొదటి డిసెంబర్. ఏతేరి బంగాళాదుంపల బుట్ట అంచు పట్టుకుంది. మూడు చలికాలాలు కాళ్ళు వెచ్చగా పడుకుంది. నీళ్ళు పడ్డాయనుకుంది. ఫోన్‌లో వాళ్ళమ్మకి కూడా అదే చెప్పింది.

"ఎప్పుడు చేయించావిది?"

"నువ్వొచ్చిన కొత్తలో. నిద్రలో కాళ్ళు నా పరుపు మీదికి తెచ్చేదానివి. ఐసుగడ్డల్లా ఉండేవి."

"నాతో ఒక్క మాటైనా చెప్పలేదే."

"నువ్వు అడగలేదు," అన్నాడు ఫోల్కర్. రజాయిని దులిపి, తలకిందులు చేసి, ఈకలు కాళ్ళవైపుకి సర్దాడు.

బుర్క్‌హార్ట్ గారు కాగితం మీద ఏదో రాసి కలం మూత పెట్టింది. రెండు రజాయిలూ భర్త చెప్పిన కొలతల ప్రకారమే ఉన్నాయని రాసుకున్నానంది. ఇంకెప్పుడూ ఇలాంటి తెలివితేటలు చూపించొద్దనీ, నిజంగా కాపురం చేసేవాళ్ళు నటిస్తే దొంగల కన్నా అన్యాయంగా దొరికిపోతారనీ ఏతేరిని గట్టిగానే మందలించింది. మెట్లెక్కి గుమ్మం దాకా వెళ్ళింది. బూట్లు వేసుకుంటూ, కాళ్ళవైపు ఈకలు నింపే కొట్టు ఎక్కడుందని ఫోల్కర్‌ని అడిగింది.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా నా కాళ్ళూ చల్లగానే ఉన్నాయి. అడిగిన నాథుడు లేడు," అంది.

ఫోల్కర్ ఆ కొట్టు చిరునామా, తెరిచే వేళలు, సోమవారం సెలవన్న సంగతీ ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఏతేరికి మాత్రం ఆవిడ వెళ్ళిన తర్వాత కూడా భయం తీరలేదు. మందలించింది గానీ, ఇస్తానని అనలేదు కదా. ఆ తర్వాత పదకొండు రోజులు ఆమె చేసిన పళ్ళన్నీ కాస్త కొరకొరగా ఉన్నాయని ల్యాబులో అందరూ అన్నారు. కొంగలను రోజాంజెలా తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో వడ్రంగి వాటిని చూసి సోఫా మీద పడుకుంటున్నాడని వినికిడి.

గడువుకి ఆరు రోజుల ముందు ఉత్తరం వచ్చింది. శాశ్వత నివాసానికి అనుమతి ఇచ్చారు, కార్డు తయారయ్యాక వచ్చి తీసుకోమన్నారు. ఏతేరి వంటింట్లో నిలబడి దాన్ని మూడుసార్లు చదివి, ఏప్రన్‌లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఫోల్కర్ ఆమె వీపు మీద రెండుసార్లు తట్టి, ఉత్తరానికి రెండు చిల్లులు పెట్టి ఫైల్లో చేర్చాడు. శాశ్వతం అన్నది అనుమతేననీ, కార్డుకి మాత్రం పదేళ్ళే గడువనీ చెప్పి, తొమ్మిదేళ్ళ రెండు నెలల తర్వాత వచ్చే జనవరి తేదీ ఒకటి గుర్తు రాసుకున్నాడు.

శనివారం పొద్దున ఇద్దరూ టిఫిన్ దగ్గర కూర్చున్నారు. కిటికీల కార్యక్రమం అప్పుడే ముగిసింది, గది గడ్డకట్టి ఉంది. ఏతేరికి ఇంకా ఒక ముల్లు మిగిలిపోయింది. రజాయి సంగతి రజాయిదే, బ్రష్ సంగతి బ్రష్‌దే. ఇప్పుడు కార్డు కూడా వస్తోంది, ఇక ఏం పోతుందని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"నిజం చెప్పు. నా బ్రష్ ఏ రంగో నీకు తెలీదు కదూ?"

ఫోల్కర్ రొట్టెకి అంచుల దాకా వెన్న రాస్తున్నాడు. తలెత్తలేదు.

"ఆకుపచ్చ. ఆగస్టు దాకా పసుపుది ఉండేది. దానికి ముందు ఎర్రది. చిగుళ్ళకి గుచ్చుకుంటోందని నాలుగు రోజుల్లో పారేశావు."

ఏతేరి గడ్డం కింద చెయ్యి తీసేసింది.

"మరి ఆ రోజు వాళ్ళకి చెప్పి చావొచ్చుగా. నా ప్రాణాలు తోడేశావు కదయ్యా."

"నా పెళ్ళాం దేనితో పళ్ళు తోముకుంటుందో వాళ్ళకెందుకు?" అన్నాడు ఫోల్కర్.

ఏతేరి మేజోళ్ళు విప్పేసి, బల్ల కింద తన రెండు పాదాలూ అతని పాదాల మీద పెట్టింది. ఫోల్కర్ ఉలిక్కిపడ్డాడు. పాదాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు, వెన్న రాయడం అయ్యేదాకా అలాగే ఉంచాడు.